గోడమీద ఎవరి బొమ్మ?

లండన్ నగరమందలి లార్డ్స్ క్రీడాప్రాంగణమునకు స్వామ్యము వహించిన మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు (ఎం.సి.సి.) వారి చిత్రసంపదలో, 1890వ సంవత్సరమున ఆర్చిబాల్డ్ స్టూవర్ట్ వర్ట్లీ అను చిత్రకారుడు రచించిన తైలవర్ణచిత్ర మొకటి కలదు. అందు నలువది యేండ్లు దాటిన విలియం గిల్బర్ట్ గ్రేస్, రొమ్ముమీదికి దిగిన నల్లని గడ్డముతోను, ఎరుపు పసుపు పట్టెల టోపీతోను వికెట్లముందు నిలిచి, బ్యాటు వెనుకకెత్తి, ఎడమకాలి మడమను నేలకానించి మునివ్రేళ్ళను మాత్రము పైకి లేపి, రానున్న బంతికై వేచియున్నాడు. ఆ దొర స్థూలకాయమును చిత్రకారుడు దాచలేదు, సవరింపను లేదు; కాని చూపరి దృష్టి తిరిగి తిరిగి వచ్చి ఆగునది ఆ పైకి లేచిన పాదాగ్రము కడనే. అంతటి భారీ శరీరము ముందుకు దూకవలెనో వెనుకకు జరుగవలెనో ఇంకను తేల్చుకొనని అర్ధనిమేషమది. రాజులకును, న్యాయమూర్తులకును, మతాధికారులకును చిత్తరువులు వ్రాయించుట పరిపాటియైన విక్టోరియా యుగమున, ఒక ఆటగానిని కుర్చీలో కూర్చుండబెట్టక, చేతికి గ్రంథమీయక, అతని పనిలో అతడుండగనే నిలువెత్తున లిఖించుట సామాన్య విషయము కాదు.

వర్ట్లీ క్రీడాదృశ్యములకు, అందును వేటచిత్రములకు పేరొందినవాడు. మిలే వంటి మహాచిత్రకారుని కడ శిక్షణ పొందినవాడు. స్వయముగా మంచి గురికాడు. ఈ చిత్రము వ్రాసిన మరుసటి యేడే లండనులో వెలసిన చిత్తరువుకారుల సంఘమునకు తొలి అధ్యక్షుడైనాడు. పొదనుండి పిట్ట లేచుటకు ముందటి క్షణమున వేటగాని దేహమెట్లు బిగియునో అనుభవముచేత నెరిగిన హస్తము గనుకనే, బంతి రాకమునుపు బ్యాట్స్‌మన్ దేహమందలి బిగువును అంత చక్కగా పట్టుకొనగలిగినదని నా ఊహ.

మార్కాపురమునందో, గిద్దలూరునందో ఉదయపు కాఫీతో పత్రిక విప్పిన పాఠకునికి ఈ గడ్డపు దొరతో పని యేమని అడుగవచ్చును. పని గలదు. ఏ సమాజమైనను తన గోడలమీద ఎవరిని నిలుపుకొనినదో చూచినచో, ఎవరి శ్రమను అది కంటికి ఆనినదిగా తలచినదో, ఎవరిని చూచియు చూడనట్లు విడిచినదో తెలిసిపోవును. లార్డ్స్ గోడమీది గ్రేస్ చిత్రము నాటి ఇంగ్లండు రహస్యమును కొంత చెప్పుచున్నది, కొంత దాచుచున్నది. మన కూడలులలో గాలికి రెపరెపలాడు ఫ్లెక్సీలు మన రహస్యమును ఏమియు దాచక చెప్పుచున్నవి.

ఆ చిత్రములోని మనుష్యుని హోదా యేదో ముందుగా తెలియవలెను. ఆనాటి ఆంగ్ల క్రికెట్టులో ఆటగాండ్రు రెండు వర్ణములవారు. ఆటను వినోదముగా భావించి జీతము పుచ్చుకొనని ఔత్సాహికులు జెంటిల్మెన్. కూలి తీసికొని ఆడువారు ఒట్టి ప్లేయర్లు. ఒకే జట్టున ఆడుచున్నను వీరికి దుస్తులు మార్చుకొను గదులు వేరు, మైదానములోనికి వచ్చు ద్వారములు పెక్కుచోట్ల వేరు, ప్రయాణమున తరగతి వేరు. స్కోరు పత్రముమీద ఔత్సాహికుని పొడి అక్షరములు పేరుకు ముందు దర్జాగా నిలుచును. వృత్తిక్రీడాకారునికి ఒట్టి పేరు, దయ గలిగినచో ఆ పేరుకు వెనుక పొడి అక్షరములు. 1950 ప్రాంతమున లార్డ్స్‌లో టిట్మస్ అను యువ వృత్తిక్రీడాకారుని పొడి అక్షరములు పొరపాటున ముందు అచ్చుపడగా, వాటిని వెనుకకు మార్చి చదువుకొనవలసినదని ధ్వనివర్ధకమున ప్రకటించి మరీ ఆ అపచారమును సరిదిద్దిరి! 1806లో మొదలైన జెంటిల్మెన్, ప్లేయర్ల పోటీలు 1962తో ముగిసినవి. ఆ యేటి నవంబరులోనే ఈ భేదమును రద్దు చేసిరి. మన వర్ణవ్యవస్థను గూర్చి మనకు ఉపన్యాసములిచ్చిన జాతికి తన ఆటస్థలములోని పంక్తిభేదము మనము స్వతంత్రులమైన పదునైదేండ్ల దాకను చెక్కుచెదరకుండెనన్నమాట.

గ్రేస్ ఈ వర్ణములలో పైదానికి చెందినవాడు. వృత్తిచేత వైద్యుడు, పేరుచేత ఔత్సాహికుడు. అయినను 1873, 74 సంవత్సరముల ఆస్ట్రేలియా యాత్రకు ఆయన పుచ్చుకొనినది 1,500 పౌండ్లు, ఖర్చులు అదనము. అదే ఓడలో రెండవ తరగతిలో ప్రయాణించిన వృత్తిక్రీడాకారులకు ముట్టినది తలకు 170 పౌండ్లు. 1891, 92 సంవత్సరముల యాత్రకు ఆయన ప్రతిఫలము 3,000 పౌండ్లకు పెరిగినది. 1895లో నూరవ శతకము పూర్తిచేసినప్పుడు డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక ఒక్కొక్క షిల్లింగు చొప్పున ప్రజలనుండి చందాలు వసూలు చేయగా, ఇతర నిధులతో కలిపి ఆయనకు 9,000 పౌండ్లకు పైగా సమకూడినవి. జీతగాండ్రలో ఇంతగా ఆర్జించినవాడు లేడు. ఇందుకు నేను గ్రేస్‌ను నిందింపబోను. ఆయనను చూచుటకు జనము టిక్కెట్టు కొని వచ్చిరి, ఆ జనమువలన ఆటకు అన్నము దొరికినది. నా ఆక్షేపణ చిత్రము వెనుకనున్న కట్టుకథమీద. డబ్బు తీసికొనుట నీచమని చెప్పుచు, తీసికొనువారిలో అందరికంటె ఎక్కువ తీసికొనినవానిని డబ్బంటనివాడుగా గోడకెక్కించినది ఆ కట్టుకథయే.

ఇక ఆ చిత్రములో కనబడనివాడొకడున్నాడు. గ్రేస్ చూపు ఎవరిమీద నున్నదో ఆ మనుష్యుడు, అనగా బంతి వేయువాడు, చట్రమునకు ఆవల మిగిలిపోయినాడు. ఆ కాలమున ఎండలో పొద్దస్తమానము చేయి తిప్పుచు బంతులు వేయు చాకిరి చాలవరకు వృత్తిక్రీడాకారుల పాలు, బ్యాటు పట్టి శోభిల్లుట చాలవరకు ఔత్సాహికుల పాలు. బంతి వేయువానికి ప్రముఖస్థానమిచ్చిన చిత్రమొకటి విక్టోరియా రాణి గతించిన కొన్నియేండ్లకు వెలసినది. 1906లో కెంట్ జట్టు మొదటిసారి ఛాంపియన్లు కాగా ఆ క్లబ్బువారు ఆల్బర్ట్ షెవాలియే టేలర్ చేత కాంటర్బరీ మైదానమున జరుగుచున్న ఆటను వ్రాయించిరి. అందు బంతి వేయుచున్నవాడు కొలిన్ బ్లైత్, ఎదుర్కొనుచున్నవాడు టిల్డెస్లీ, ఇరువురును జీతగాండ్రే. పదునొకండేండ్లకు బ్లైత్ ప్రపంచయుద్ధమున మరణించినాడు. ఆ చిత్రము లేనిచో అతని ఎడమచేతి విసురు అంకెలలో మాత్రమే మిగిలియుండెడిది.

ఇట్టి వర్ణభేదమును మన తెలుగువారు దూరమునుండి చూచి ఊరకొనినవారు కారు, దాని దెబ్బ తినినవారు. చెన్నపట్టణమున దుబాసీల వంశమున 1868లో జన్మించిన బుచ్చిబాబు నాయుడు, విక్టోరియా యుగపు మన ఔత్సాహిక క్రికెటరులలో అగ్రగణ్యుడు. చేపాక మైదానమున తెల్లవారి క్లబ్బుతో ఆడబోయిన భారతీయులకు పెవిలియనులోనికి ప్రవేశము లేక, చెట్లనీడన కూర్చుండి భోజనము చేయవలసి వచ్చెడిది. దీనికి ఆయన ఇచ్చిన జవాబు 1888లో స్థాపించిన మద్రాసు యునైటెడ్ క్లబ్బు. కుర్రవాండ్రకు బ్యాట్లు, దుస్తులు తన సొమ్ముతో కొనియిచ్చి, ఆట నేర్పించి, తెల్లవారితో సరిసమానముగా ఆడు జట్టును తయారుచేసెను. 1908 డిసెంబరులో తెల్లవారికిని భారతీయులకును ప్రెసిడెన్సీ పోటీని తానే కుదిర్చి, అది జరుగుటకు కొలది దినములముందు తానే కన్నుమూసెను. ఆయన పేర అఖిలభారత పోటీలు నేటికిని జరుగుచున్నవి. ఆయన కుమారుడు కోట రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసును, 1936లో నలువదియవ యేట టెస్టు క్రికెట్టును ఆడినవాడు. బుచ్చిబాబు దాతయే, ఆటగాడును; ఇచ్చిన చేతితోనే బ్యాటు పట్టెను. ఈ రెండును ఒక మనుష్యునిలో కలిసియుండుట ఎంత అరుదో తరువాతి కథ చెప్పును.

1932లో భారతజట్టు మొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్ళినపుడు నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబీకుడు. ఆట తనకంటె బాగుగా తెలిసినవారు జట్టులో నున్నారని గ్రహించి టెస్టునాడు మహారాజు పక్కకు తప్పుకొనెను, ఉపనాయకుడును ఆడలేదు. అందుకు మహారాజును మెచ్చుకొనవలెను. అట్లు మన మచిలీపట్టణపు మూలములు గల కుటుంబమున నాగపూరునందు 1895లో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు (సి.కె.) ఆ జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు నాయకుడైనాడు. చేతికి దెబ్బ తగిలియుండియు, తొలి ఇన్నింగ్సులో జట్టున కెల్ల అధికముగా 40 పరుగులు చేసెను. అంతకు ఆరేండ్ల ముందు బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. జట్టుమీద పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు రెండు గంటలలోపల చేసి దేశమును మేలుకొలిపినవాడీయనే. సి.కె. ఆడినది హోల్కరు మహారాజు ఆశ్రయమున, ఆ సైన్యమున కర్నలుగా. జీతపు ఆటగాడనక, కేవల ఔత్సాహికుడనక నడిమి మార్గమున నిలిపిన కొలువది. 1941లో ఒక లివరు టానిక్కు ప్రకటనకు తన పేరిచ్చినపుడు ఆ కొలువు సరిపోయినదో లేదో మనకనవసరము.

నాలుగేండ్లు తిరుగక ముందే కథ అడ్డము తిరిగినది. 1936 యాత్రకు నాయకుడు విజయనగర మహారాజకుమారుడు. విజ్జీ అని లోకమెరిగిన ఆయన క్రికెట్టుకు చేసిన ఉపకారమును కాదనుట అన్యాయము. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి దిగ్గజములను తన ఖర్చుతో ఈ దేశమునకు రప్పించి ఆడించినవాడు. కాని మూడు టెస్టులలో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఆ యాత్రలోనే ఆయనకు సర్ బిరుదు వచ్చినది; ఆ యాత్రలోనే, జట్టున అందరికంటె చక్కగా ఆడుచున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేర ఇంటికి పంపివేసిరి. సి.కె. అంతటివాడు ఆయన నాయకత్వము క్రింద ఆడినాడు. అనగా, దాత ముందునకు వచ్చి నిలిచెను, ఆటగాడు వెనుక వరుసకు జరిగెను. మన కూడలిలోని ఫ్లెక్సీకి మూలపుటచ్చు ఇక్కడనే దొరకుచున్నది. తెలుగుగడ్డ ఒకే జట్టుకు ఆ ఆటగానిని, ఈ దాతను ఇరువురిని ఇచ్చినదని గర్వింపవలెనో నవ్వుకొనవలెనో తేల్చుకొనలేకున్నాను.

సి.కె. ఆంధ్రులకు ఆడిన యేడు ఒకటి కలదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, ఆ ఋతువులోనే రంజీ ట్రోఫీలో అడుగిడిన ఆంధ్రజట్టుకు ఏబది యెనిమిదేండ్ల ఆ వృద్ధసింహము నాయకత్వము వహించెను. మార్కాపురము, కంభము, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. 1970లో గాని ఇవి కొత్త జిల్లాలోనికి మారలేదు. క్రికెట్టు మన పల్లెలకు వచ్చినది మాత్రము రంజీ మైదానములనుండి గాదు, రేడియోనుండియు టెలివిజనునుండియు. వచ్చినది తోలుబంతిగా గాదు, టెన్నిసు బంతిగా.

సంక్రాంతికో ఉగాదికో తర్లుపాడు, కొమరోలు, అర్ధవీడు, దోర్నాల పక్క ఏ పల్లెకు వెళ్ళినను, హైదరాబాదునుండియు బెంగుళూరునుండియు పండుగకు ఇంటికి చేరిన వలసకూలీ పిల్లలు, కోతలైన చేనిలోనో, నీరింకిన చెరువులోనో జట్లు కట్టి ఆడుచుందురు. మార్కాపురము వెలుపల పలకరాతి గనులనుండి తీసి పోసిన దిబ్బలే ప్రేక్షకులకు మెట్లు. తుమ్మచెట్ల వరుసయే బౌండరీ. నేను చూచిన ఒక ఆటలో బంతి వేయుచున్న కుర్రవాడు పలకల ఫ్యాక్టరీలో రాయి కోయు పనివాడు. గోళ్ళ సందులలో రాతిపొడి ఇంకను బూడిదరంగుగా నిలిచియున్నది. చెప్పులు వికెట్ల వెనుక విడిచి, మోకాలిదాక మడిచిన ప్యాంటుతో పదడుగులు పరుగెత్తి, చివరి అడుగున ఎడమకాలిని నేలకు గట్టిగా మోపి, నడుమును విల్లువలె వంచి విసరెను. టెన్నిసు బంతికి నిజమునకు అంత వేగము రాదందురు. ఆ బంతి బ్యాట్స్‌మన్ చూచులోపలనే నడిమి వికెట్టును పడగొట్టినది. కుర్రవాడు కేకలు వేయలేదు. పడిన వికెట్టును తానే వెళ్ళి నాటి, దానిని రాతిముక్కతో రెండు దెబ్బలు కొట్టి, చెమట తుడుచుకొని వెనుకకు వచ్చినాడు. మడమ నెత్తుట తడిసియుండుట అప్పుడుగాని నేను గమనింపలేదు.

ఆ పోటీకి కట్టిన ఫ్లెక్సీ ఇరువదడుగుల పొడవున్నది. మీద పార్టీ నాయకుల ముఖములు, వారి హోదాల క్రమమున పెద్దవి, చిన్నవి. నడుమ ప్రథమ బహుమతి దాత, నల్ల కళ్ళద్దములతో, చేయెత్తి నమస్కరించుచు. ఆ పక్క ద్వితీయ బహుమతి దాత. దిగువ భోజన దాత, టీ షర్టుల దాత, మైకుసెట్టు దాత. ఆటగాండ్రెవ్వరును లేరు. బ్యాటు పట్టిన బొమ్మ ఒకటి మూలన ఉన్నమాట నిజమే, అది విరాట్ కోహ్లీది. ఇంతకంటె విచిత్రము, అదే పండుగకు ఎడ్ల బండలాగుడు పోటీల ఫ్లెక్సీ పక్కనే వ్రేలాడుచున్నది. అందు ఎద్దుల జతలు ఠీవిగా, మూపురములు కనబడునట్లు, పక్కన యజమాని పేరుతోడను ఊరి పేరుతోడను అచ్చుపడియున్నవి. ఒంగోలు గిత్తకు లభించిన గౌరవము రాయి కోయు కుర్రవానికి లభింపలేదు. ఎద్దులమీద నాకు అసూయ లేదు. పోటీ చేయునది యెవరో వారినే చూపవలెనను న్యాయము మనకు తెలియనిది గాదని, మనుష్యుల విషయమున మాత్రమే దానిని మరచితిమని చెప్పుటకే ఈ మాట.

న్యాయము తెలియనిది గాదంటిని. దానికి సాక్ష్యము రాతిలో నున్నది. తిరుమల ఆలయమున కృష్ణదేవరాయల లోహప్రతిమ ఇరువురు దేవేరులతో చేతులు మోడ్చి నిలిచియున్నది. అది దాత ప్రతిమ, భక్తిప్రతిమ, దాని స్థానమున అది సమంజసమే. కాని పల్నాటినుండి నల్లమల అంచులదాక ఊరిబయట మన్నులో సగము కూరుకుపోయి నిలిచిన వీరగల్లులను చూడుడు. ఆవులమందను కాపాడుచునో, ఊరిపొలిమేర నిలుపుచునో ప్రాణమిచ్చిన సామాన్యుడు ఆ రాతిమీద కత్తి ఎత్తి, కాలు ముందుకు చాచి, మోకాలు వంచి, తాను చేయు పనియందే నిలిచియున్నాడు. చెక్కినవానికి శిల్పశాస్త్రము తెలిసియుండదు, ముక్కు మొగము పోలిక కుదిరియుండదు. అయినను ఆ ముందుకు చాచిన పాదము, వర్ట్లీ చిత్రించిన గ్రేస్ పాదము ఒకే బడిలోనివి. లండను చిత్రకారుడు లక్ష్మీపుత్రుల కోసము పట్టుకొనిన అర్ధనిమేషమును మన ఊరి కాసె పనివాడు పశువుల కాపరి కోసము ఎన్ని శతాబ్దములముందో పట్టుకొనియుండెను.

నేను కోరునది మరల రాయి చెక్కింపుమని గాదు. మార్కాపురమునందును, గిద్దలూరునందును బోర్డులు వ్రాసి బ్రతికిన చిత్రకారులు ఇంకను కొందరున్నారు. ఛాయాచిత్రముమీద పెన్సిలుతో గళ్ళు గీసి, గోడమీద సుద్దదారముతో అవే గళ్ళు పెద్దవిగా కొట్టి, గడి వెంబడి గడిగా ముఖమును పెంచుకొనుచు పోవు విద్య వారిది. ఎనామిలు రంగులలో చర్మపు ఛాయ తెచ్చుటకు ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలుపవలెనో చేతివ్రేళ్ళకే తెలియును. సినిమాహాలు ముందు ఎన్.టి. రామారావు కటౌటు, దుకాణపు తలుపుమీద సబ్బుల ప్రకటన, బడి గోడమీద గాంధీ తాత, ఎన్నికల నాడు గుర్తులు, అన్నియు వారి చేతి చలువయే. డిజిటలు ముద్రణయంత్రము వచ్చిన పిదప గంటలో అచ్చుపడు ఫ్లెక్సీ ముందర మూడుదినముల కుంచె పని నిలువలేకపోయినది. 2022లో ప్లాస్టికు ఫ్లెక్సీలను నిషేధింతుమని రాష్ట్రప్రభుత్వము ప్రకటించినపుడు ఈ వృత్తిలో మిగిలినవారికి కొంత ఆశ చిగిర్చినది. నేడు ఏ కూడలికి పోయి చూచినను ఆ ఆశ ఏమైనదో తెలియును.

ఇట్టివారిచేత, ప్రతి ఉన్నతపాఠశాల గోడమీదను, ప్రతి జూనియరు కళాశాల ఆటస్థలము పక్కను, ఆ ఊరి ఆటగానిదో ఆటకత్తెదో ఒక చిత్తరువు వ్రాయింపవలెనని నా ప్రతిపాదన. క్రికెట్టే కానక్కరలేదు, కబడ్డీ కూతకు వెళ్ళిన బాలిక ఊపిరి బిగబట్టి గీతమీదికి చేయి చాచిన క్షణము ఏ బ్యాటింగునకును తీసిపోదు. ముఖము మాత్రము చాలదు; పాదములతో సహా, పనిలో ఉండగా వ్రాయవలెను. ఎదురుగ నిలుచుండబెట్టి, రెండు మూడు దినములు చూచి, ఆ పిల్ల బరువు ఏ కాలిమీద వేయునో, ఆ పిల్లవాని భుజము ఎచ్చట బిగియునో గుర్తించి వ్రాయవలెను.

సెల్లు ఫోనులో ఫోటోలు వేలకొలది ఉండగా కుంచె యేల యనువారు కలరు. ఆ ఫోటోలు ఎవరి జేబులో వారివి. ఫోను మారినప్పుడు సగము పోవును, మిగిలినవి తీసినవాడే తిరిగి చూడడు. గోడమీది బొమ్మ బడికి వచ్చు ప్రతి పిల్లవాని దారికి అడ్డము నిలుచును. త్రాగునీటికి, వెలిగొండ ప్రాజెక్టు సొరంగముల నీటికి ఏండ్ల తరబడి ఎదురుచూచు మార్కాపురపు ప్రాంతమునకు బొమ్మల ముచ్చట యేల యనునది మరియొక ఆక్షేపణ. ఇది నిజముగా బరువైనది, దీనిని తేలికగా తీసివేయను. కాని ఈ కరవునేలమీదనే, ఈ నీటి ఎద్దడిలోనే, ఒక్క తిరునాళ్ళకు కట్టు ఫ్లెక్సీల ఖర్చు ఎవరును ప్రశ్నింపకుండగనే పుట్టుచున్నది గదా! కొత్త ఖర్చు చేయుమని నేను అడుగలేదు, ఉన్న ఖర్చులో నాలుగవవంతు మళ్ళింపుడనుచున్నాను. రాజకీయ నాయకులకు కోపము వచ్చునను భయము మూడవది. ఆ భయమును నేను తీర్పలేను.

ఎవరిని వ్రాయించుట యను ప్రశ్న వచ్చినపుడు జాగ్రత్త పడవలెను. ఎంపికను ఊరి పెద్దలకు విడిచినచో సిక్సర్లు కొట్టినవాడే గోడకెక్కును, అతడు సర్పంచి మేనల్లుడును అగును. లార్డ్స్ గోడమీది చిత్రములో బౌలరు చట్రమునకు ఆవలనే మిగిలెను. మనము ఆ పొరపాటు చేయనక్కరలేదు. మొదటి చిత్తరువు బంతి వేయువానిది కావలెనని నా పట్టుదల, రెండవది వికెట్ల వెనుక గుంజీలు తీయు కీపరుది, మూడవది ఊరివారి తిట్లు తిని నిలుచుండు అంపైరుది. ఎంపికను వ్యాయామోపాధ్యాయులకును, ఎదుటి ఊరి జట్టువారికిని అప్పగించినచో మేలు. తమ వికెట్టు ఎవరు పడగొట్టిరో ఓడినవాడు మరచిపోడు. ఆటగాని పేరు, ఊరు, ఆడిన సంవత్సరము పైభాగమున పెద్ద అక్షరములతో, పొడి అక్షరములు ముందే ఉండునట్లు వ్రాయింపవచ్చును. చిత్రకారుని సంతకము కుడిమూలన తప్పక ఉండవలెను. దాత పేరును వద్దనుట లేదు; ఆయన రంగు డబ్బాల ఖర్చు భరించినాడు గనుక, దానిని అడుగున, వంగి చదువుకొనుటకు వీలైనంత అక్షరములతో, వ్రాయవచ్చును.